మా మామ్మ నవ్వితే బేరం తెగేది

మా మామ్మకి మాట కంటే ముందు నవ్వొచ్చేది. ఎవరేమడిగినా ముందు ఓ నవ్వు, ఆ తర్వాత అవసరమైతే మాట. చాలాసార్లు ఆ అవసరమే వచ్చేది కాదు. "వచ్చావా, కూర్చో" అనడానికీ నవ్వే, "నీ వేషాలు నాకు తెలుసులేవో" అనడానికీ నవ్వే, "ఇంక లేచి మీ ఇంటికి పో" అనడానికీ నవ్వే. అయితే అన్నీ ఒకే నవ్వు కాదు. కోనసీమలో ఆ పెంకుటింటి అరుగు మీద పెరిగిన పిల్లలందరికీ ఏది ఏ నవ్వో తెలుసు. తెలియకపోతే పూట గడవదు మరి. పెరుగన్నంలోకి రెండో ఆవకాయ ముక్క అడిగినప్పుడు ఆవిడ ఏ నవ్వు నవ్విందో చూసుకునే చెయ్యి జాడీ వైపు వెళ్ళాలి.

జోకులు ఆవిడకి బొత్తిగా రావు. ఎవరైనా చెప్పబోతే మధ్యలో "ఇంతకీ ఆ అబ్బాయికి పెళ్ళయిందా లేదా?" అని అడిగి, చెప్పేవాడి ఉత్సాహం మీద నీళ్ళు పోసేది. అసలు ఘట్టం వచ్చి అందరూ పడీపడీ నవ్వుతుంటే మా మొహాలకేసి మార్చి మార్చి చూసేది. అలాంటి మనిషి రోజంతా నవ్వుతూనే ఎలా ఉండేదో నాకు చాలాకాలం అర్థం కాలేదు.

పాత బట్టలకి స్టీలు సామాన్లిచ్చేవాడు మా వీధిలోకి మధ్యాహ్నం భోజనాలయ్యాక వచ్చేవాడు. గంప దించి, అరుగు మీద గిన్నెలు ఒకదాని పక్కన ఒకటి పేర్చి, మామ్మ తెచ్చిన చీరని వెలుతురుకేసి పట్టుకునేవాడు. "ఇక్కడ నేత పోయిందమ్మా... ఇదిగో, ఇక్కడ చిరుగు" అంటూ వేలు దూర్చి మరీ చూపించేవాడు. ఆ వేలు దూర్చడంలోనే చిరుగు కాస్త పెద్దదయ్యేది. తర్వాత గంప అడుగునుంచి ఓ చిన్న గిన్నె తీసి, "రెండు చీరలకీ ఇదొస్తుందమ్మా" అని ముందు పెట్టేవాడు.

మామ్మ ఆ గిన్నె వైపు చూసేది కూడా కాదు. ముక్కులోంచి గాలి వదిలినట్టు "హుఁ" అని ఓ చిన్న నవ్వు. అంతే. వాడు గిన్నె లోపల పెట్టేసి ఇంకాస్త పెద్దది తీసేవాడు. ఈసారి నవ్వు గొంతులోంచి వచ్చేది, "హుహుఁ" అని. నవ్వుతూనే చీరలు మడతపెట్టడం మొదలెట్టేది. "నాకు కిట్టదమ్మా, అసలు కూడా రాదు" అంటూనే వాడు దానికి మూత జోడించేవాడు. అప్పుడు మామ్మ తలెత్తి వాడి మొహంలోకి చూసి నోరారా నవ్వేది. వాడూ నవ్వేవాడు. బేరం తెగిపోయేది. వెళ్ళేటప్పుడు వాడికి చల్లని మజ్జిగ దక్కేది. మా అమ్మ ఇదే బేరం మాటలతో ఆడితే గంట పట్టేది, ఆఖరికి ఆ మొదటి చిన్న గిన్నే ఇంట్లోకొచ్చేది.

"నువ్వు ధర చెప్పవేంటి మామ్మా, ఊరికే నవ్వుతావేంటి?" అని ఓసారి అడిగాను.

"మాటంటే పట్టుకుంటాడే. 'ఇందాక ఇదన్నారుగా' అంటాడు. నవ్వుని ఎలా పట్టుకుంటాడు?" అంది.

రాబర్ట్ ప్రొవైన్ అనే అమెరికా శాస్త్రవేత్త గురించి చదివినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ స్టీలు గిన్నే. ఆయన జనంలో తిరిగి, మామూలుగా మాట్లాడుకుంటూ నవ్వేవాళ్ళని గమనించి 1,200 నవ్వులు రాసుకున్నాడట. తీరా చూస్తే, నవ్వు పుట్టించే మాట తర్వాత వచ్చిన నవ్వులు ఐదో వంతు కూడా లేవు. మిగతావన్నీ "సరే మరి, వెళ్ళొస్తా", "ఇన్నాళ్ళూ ఎక్కడున్నావు?" లాంటి అతి మామూలు మాటల వెనకాల వచ్చినవే. వినేవాడి కంటే మాట్లాడేవాడే ఎక్కువ నవ్వుతాడనీ, ఒంటరిగా ఉన్నప్పటి కంటే నలుగురిలో ఉన్నప్పుడు 30 రెట్లు ఎక్కువ నవ్వుతామనీ కూడా ఆయన లెక్క తేల్చాడు. నిజమే, మామ్మ పెరట్లో ఒక్కత్తీ గోంగూర కోసుకుంటున్నప్పుడు నవ్వుతుండగా నేను ఏనాడూ చూడలేదు. గేటు చప్పుడయితే మాత్రం, వచ్చిందెవరో చూడకముందే మొహం తయారైపోయేది.

అలాగని ఆ ఇంట్లో నవ్వడానికి అందరికీ లైసెన్సు లేదు. తాతయ్య వీధి అరుగు మీద కూర్చుని ఉంటే కోడళ్ళ నవ్వు వంటింటి గుమ్మం దాటకూడదు. దాటబోతే నోటికి కొంగు అడ్డం పడాల్సిందే. మా అమ్మ, పెద్దమ్మ, పిన్ని ముగ్గురూ కొంగులు నోట్లో కుక్కుకుని, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుంటే, రోకలి పట్టుకుని ఊగిపోవడం నా కళ్ళకి ఇంకా కడుతుంది. శబ్దం లేదు. గాజులు మాత్రం గలగలమనేవి. "ఏంటా గాజుల గోల?" అని తాతయ్య అరుగు మీంచి కేకేస్తే ఇంకా ఎక్కువయ్యేది.

"నవ్వు నాలుగు విధాల చేటు" అనేది మా నాన్నగారి మేనత్త. మాట పడేయడంలో ఆవిడకి ఆవిడే సాటి. "నవ్వే ఆడదాన్నీ ఏడ్చే మగాణ్ణీ నమ్మకూడదు" అన్నది ఆవిడ దగ్గర ఇంకో అస్త్రం. ఆ రెండో సామెత నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. ఎన్ని ఇళ్ళల్లో ఎంతమంది నోళ్ళకి కొంగులు కుక్కిందో ఆ మాట! మా అక్కకి నోరెక్కువ. "నాలుగు విధాలంటే ఏ నాలుగు?" అని నిలదీసింది. మేనత్తగారు తడబడ్డారు. అక్క మామ్మ వైపు తిరిగింది. మామ్మ ఓ నవ్వు నవ్వింది. అది "మీ అత్తకీ తెలీదే" అనే నవ్వని అక్కడున్న అందరికీ, మేనత్తగారితో సహా, తెలిసిపోయింది.

బడిలో ఇంకో చిత్రం. సుమతీ శతకంలో "నవ్వకుమీ సభలోపల" అనే పద్యం ఉంది కదా. సభలో నవ్వకు, తల్లిదండ్రులతో, భర్తతో నవ్వకు అని వరసగా చెప్పుకుపోతుంది. క్లాసు క్లాసంతా లేచి నిలబడి గొంతెత్తి ఒప్పజెప్పాలి. "నవ్వకుమీ" అన్న మాట మూడోసారి వచ్చేసరికి వెనక బెంచీలో ఎవడో ఒకడు కిసుక్కుమనేవాడు. ఇక పద్యం నడిచేది కాదు. మాస్టారు బెత్తం తీసేవారు. బెత్తాన్ని చూస్తే భయం వెయ్యాలి, కానీ బెత్తం పట్టుకున్న మాస్టారి మీసం కింద పెదవి అదురుతుంటే ఇంకేం భయం? నవ్వొద్దని చెప్పే పద్యం నవ్వకుండా చదివిన పిల్లలు ఆ బడిలో చదివి ఉండరు.

పిల్లల్ని అదుపులో పెట్టడానికి మా ఊళ్ళో పెద్దవాళ్ళకి బెత్తం కంటే పదునైనది ఇంకోటి ఉండేది. "నలుగురూ నవ్వుతారు." జడ సరిగ్గా వేసుకోకపోతే నలుగురూ నవ్వుతారు, పరీక్ష పోతే నవ్వుతారు, పెళ్ళి కాకపోతే నవ్వుతారు, అయిన పెళ్ళి నిలవకపోతే మరీ నవ్వుతారు. ఈ నలుగురూ ఎవరో, వాళ్ళకి వేరే పనేమీ ఉండదో! ఓ రైతు కొబ్బరితోటలో చెట్ల మధ్య కోకో వేసినప్పుడు మాత్రం ఆ నలుగురినీ నేను కళ్ళారా చూశాను. "కొబ్బరి కింద చాక్లెట్లు కాయిస్తాడంట" అని టీ బడ్డీ దగ్గర ఒకటే నవ్వులు. ఆయన ఆ దారినే సైకిలు మీద తలొంచుకుని వెళ్ళేవాడు. కోకో కాపుకొచ్చి, గింజలు కొనడానికి కంపెనీవాళ్ళు ఊళ్ళోకొచ్చిన తర్వాత అదే టీ బడ్డీ జనం ఒక్కొక్కరే ఆయన గుమ్మం ఎక్కారు, మొక్కలు ఎక్కడ దొరుకుతాయని అడగడానికి. నవ్విన నాపచేనే పండుతుందన్న సామెత ఆయన అన్లేదు. వచ్చినవాడినల్లా కుర్చీ వేసి కూర్చోబెట్టి, మొహంలోకి చూస్తూ తీరిగ్గా నవ్వేవాడట. ఆ తర్వాతే వివరాలు చెప్పేవాడట.

ఆడవాళ్ళు కొంగు తీసేసి నవ్వే చోటు ఒకటుండేది. తోలుబొమ్మలాట.

కాకినాడ దగ్గర మాధవపట్నం బొమ్మలాటవాళ్ళకి పేరు. కోతలయ్యాక వాళ్ళ బృందం మా వైపు వస్తే రామాలయం ముందు తెల్లటి తెర కట్టేవాళ్ళు. రాత్రి భోజనాలయ్యాక చాపలు, దుప్పట్లు పట్టుకుని వెళ్ళి తెల్లారే దాకా చూడటమే. రాముడు అడవికెళ్ళేసరికి పిల్లలం సగంమంది చాపల మీద ఒరిగిపోయేవాళ్ళం. సరిగ్గా అప్పుడే కేతిగాడు ఊడిపడేవాడు. బంగారక్క వచ్చేది, జుట్టుపోలిగాడు వచ్చేవాడు. వాళ్ళాడే మాటలు పగటిపూట ఎవరింట్లోనూ వినపడేవి కావు. బంగారక్క మొగుణ్ణి తిట్టే తిట్లకి చీకట్లో ఆడవాళ్ళ వైపు నుంచి నవ్వులు పొర్లేవి. కొంగుల సంగతి ఎవరికీ గుర్తుండేది కాదు. చీకట్లో ఎవరు నవ్వారో తాతయ్యకి తెలీదు కదా! అయినా మామ్మ నవ్వు వందమందిలో తెలిసిపోయేది. కోడిపెట్ట గుడ్డు పెట్టాక అరిచినట్టు మెట్లుమెట్లుగా పైకెళ్ళి, పైన ఓ క్షణం ఆగి, జారేది.

పొద్దున్నే బొమ్మలు సర్దుకుంటున్న ముసలాయన చుట్టూ మేం మూగితే ఆయన ఓ సంగతి చెప్పాడు. తెర వెనకున్నవాళ్ళకి జనం కనపడరు. దీపమంతా వాళ్ళ వైపే, ఇవతల అంతా చీకటి. ఇక్కడ ఎవరు మేలుకున్నారో, ఎవరు గుర్రుపెడుతున్నారో తెలిసేది నవ్వుని బట్టే. "నవ్వు పల్చబడిందంటే రాముడు ఏ కష్టంలో ఉన్నా సరే పక్కనెట్టి కేతిగాణ్ణి దించుతాం" అన్నాడు. సీతమ్మ అశోకవనంలో ఏడుస్తున్నప్పుడు కేతిగాడు ఎందుకొస్తాడా అని నాకున్న సందేహం ఆ పొద్దున్న తీరింది.

డిగ్రీలో మా తెలుగు మాస్టారు రసాల పాఠం చెబుతూ భరతముని లెక్క చెప్పారు. నాట్యశాస్త్రంలో నవ్వులు ఆరు. స్మితం, హసితం, విహసితం, ఉపహసితం, అపహసితం, అతిహసితం. మొదటి రెండూ ఉత్తములవి, మధ్య రెండూ మధ్యములవి, చివరి రెండూ అధములవి. స్మితంలో పన్ను కనపడకూడదు. అపహసితానికొచ్చేసరికి కళ్ళల్లో నీళ్ళు, భుజాలూ తలా ఊగిపోవడం. అతిహసితమైతే ఇక చేతులతో డొక్కలు పట్టుకోవడమే. పక్కనున్న అమ్మాయి నన్ను మోచేత్తో పొడిచి, "మీ ఇంట్లో ఉత్తములెవరైనా ఉన్నారా?" అంది. ఆలోచిస్తే నాన్నగారొక్కరే తేలారు. ఆయనకి నవ్వొస్తే మీసం ఎడమ వైపు కొంచెం కదిలేది. అంతకుమించి ఏమీ ఉండేది కాదు. మిగతా ఇల్లంతా అధమాధమం. హాస్యరసానికి రంగు తెలుపని కూడా చెప్పారు మాస్టారు. అది మాత్రం నాకు వెంటనే ఒప్పుదలైంది.

ఆ మాస్టారే ఓసారి మమ్మల్ని అష్టావధానానికి తీసుకెళ్ళారు. సమస్య, దత్తపది, నిషిద్ధాక్షరి అంటూ పృచ్ఛకులు తలా ఓ వైపు నుంచి లాగుతుంటే, అవధానిగారు ఒక్కొక్కరికీ ఒక్కో పాదం చెప్పుకుపోతున్నారు. మధ్యలో అప్రస్తుతప్రసంగం ఆయన, అంటే అడ్డం ప్రశ్నలేసి అవధాని ధ్యాస చెదరగొట్టాల్సిన పెద్దమనిషి, లేచి, "అవధానిగారూ, ఈ శాలువాలన్నీ ఇంటికి పట్టుకెళ్తే మీ ఆవిడ ఏమంటారండి?" అన్నారు. "ఇన్ని శాలువాలకి ఒక్క చీరైనా కలవలేదా అంటుందండి" అన్నారు అవధాని. హాలు గొల్లుమంది. ఆ గోల తగ్గేదాకా ఆయన చిరునవ్వుతో అలాగే కూర్చున్నారు. "చూశారా, మీరు నవ్వుతున్నంతసేపూ ఆయన సమస్యకి రెండో పాదం కట్టుకుంటున్నాడు" అన్నారు మాస్టారు మా చెవిలో.

మా వైపు వెటకారం గురించి చెప్పకపోతే మావయ్య ఊరుకోడు. గోదావరి జిల్లాల్లో నవ్వించేవాడు నవ్వకూడదు, అది నియమం. మావయ్య ఆ నియమాన్ని నిష్ఠగా పాటించాడు. ఓ పెళ్ళి భోజనాల్లో పులుసు మరీ పల్చగా ఉంది. అందరూ మొహమాటానికి తింటున్నారు. మావయ్య వడ్డించే కుర్రాణ్ణి పిలిచి ఎంతో మర్యాదగా, "బాబూ, ములక్కాడ ముక్క ఇప్పుడే మునిగిందండి. ఓ గజ ఈతగాణ్ణి ఎవరినైనా పంపిస్తారా?" అన్నాడు. బంతి బంతంతా విస్తళ్ళ మీద పడి నవ్వింది. మావయ్య మాత్రం ఎంతో దిగులుగా పులుసులోకి చూస్తూ కూర్చున్నాడు. ఆడపెళ్ళివాళ్ళకి కోపం రాలేదు. అన్నవాడు నవ్వి ఉంటే వచ్చేదేమో. పెళ్ళికూతురి తండ్రే స్వయంగా గరిటె పట్టుకొచ్చి, "ఆయ్, ఈతగాడొచ్చాడండి" అంటూ ముక్కలు వేశాడు. అత్తయ్య మాత్రం మావయ్య మాటలకి నవ్వగా నేను చూడలేదు. "ఆయన్ని కట్టుకున్నదాన్ని, నేనూ నవ్వితే ఇల్లు నడవొద్దూ" అనేది.

అక్కకి పెళ్ళయి భిలాయి వెళ్ళిపోయింది. బావగారికి ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం. అప్పటికి అది మధ్యప్రదేశ్. వాళ్ళ వీధిలో మూడొంతులు తెలుగువాళ్ళే అయినా అక్కకి ఊరు గుర్తొచ్చేది. మొదట్లో ఇన్‌లాండ్ కవర్లే దిక్కు. అక్క ఉత్తరాల్లో వంటల సంగతులు, ధరల సంగతులు అన్నీ ఉండేవి, అక్క మాత్రం ఉండేది కాదు. "చదివి నవ్వుకోండి" అని అడుగున రాసేది. చదివేవాళ్ళం. నవ్వు రాలేదు. మామ్మకి చదివి వినిపిస్తే, "కాగితం బానే మాట్లాడింది, పిల్ల ఎక్కడే?" అంది.

తర్వాత మా ఊళ్ళో ఎస్టీడీ బూత్ పెట్టారు. పసుపుపచ్చ బోర్డు, అద్దాల గది, లోపల చిన్న ఫ్యాను. రాత్రి 11 దాటితే పావు చార్జీ. అందుకని ఆదివారాలు బూత్ ముందు జాతరలా ఉండేది. మా వంతు వచ్చాక అమ్మ, నేను లోపల ఇరుక్కునేవాళ్ళం. నాన్నగారు తలుపు దగ్గర నిలబడి మీటరు మీద ఎర్రటి అంకెలు చూస్తుండేవారు. అవతల బావగారి పక్కింటివాళ్ళ ఫోను. అక్క పరుగున వచ్చి "అమ్మా" అనగానే అమ్మ నవ్వేది. అక్కా నవ్వేది. ఆ తర్వాత ఇద్దరూ ఏం మాట్లాడకుండా నవ్వుకుంటూ ఉండేవాళ్ళు. అంకెలు మారిపోతుండేవి. "మాట్లాడండే, నవ్వడానికి కూడా బిల్లేస్తాడు వాడు" అని నాన్నగారు గుసగుసలాడేవారు. ఆ మాట విని అమ్మ ఇంకా గట్టిగా నవ్వేది.

ఓ ఆదివారం బూత్‌లోంచి బయటికొచ్చాక అమ్మ మాట్లాడలేదు. ఇంటికొచ్చాక చెప్పులు విప్పుతూ, "దానికి బాలేదండీ" అంది.

"అదేంటి, బానే నవ్విందిగా" అన్నారు నాన్నగారు.

"ముందే నవ్వేసింది. నేను మావయ్య సంగతి చెప్పడం పూర్తవకుండానే నవ్వేసింది. అది ఎప్పుడూ ఆఖరి దాకా విని, ఓ క్షణం ఆగి నవ్వుతుంది."

నాన్నగారు వాదించే మనిషే. ఆ రాత్రి వాదించలేదు. మర్నాడు సెలవు పెట్టి, విశాఖలో రాయపూర్ బండి ఎక్కి భిలాయి వెళ్ళారు. అక్కకి కామెర్లు. కళ్ళు పసుపుపచ్చగా, మంచం మీద ఉంది. మాకు తెలిస్తే కంగారుపడతామని బావగారి దగ్గర ఒట్టు వేయించుకుందట. ఫోనొచ్చినప్పుడు పక్కింటికి లేచొచ్చి, నవ్వి, మళ్ళీ వెళ్ళి పడుకుందట. నాన్నగారు అక్కణ్ణుంచి చేసిన ఫోనులో అమ్మతో మాట్లాడింది రెండు ముక్కలే. "నువ్వు చెప్పిందే నిజం. తీసుకొస్తున్నా." తర్వాత నెలరోజులు అక్క మా ఇంట్లోనే నేల ఉసిరి రసం తాగుతూ, చప్పటి పథ్యం తింటూ, మామ్మ పక్కన పడుకుంది. కాస్త కోలుకున్నాక నన్ను పక్కకి పిలిచి, "అమ్మకి ఎలా తెలిసిందే?" అంది. చెప్పాను. "అయితే ఇంకో నవ్వు నేర్చుకోవాలి" అంది. ఏ నవ్వు నేర్చుకున్నా అమ్మ దగ్గర దాని ఆటలు సాగలేదు.

నా పెళ్ళయ్యాక కాపురం హైదరాబాద్‌లో. తోటికోడలిది కడప. మొదటి వారంలోనే "ఏంటికి నగుతాండావ్?" అని అడిగితే ఎవరో నగల గురించి అడుగుతున్నారనుకుని మెడ తడుముకున్నాను. "నగుమోము" అని త్యాగయ్య కీర్తనలో వినడమే గానీ, వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ ఆ మాట వాడేవాళ్ళుంటారని అప్పుడే తెలిసింది. కింది వాటాలో ఉండే వరంగల్ అక్క, "మీ ఇద్దరి నవ్వుడు మా ఇంటిదాంక ఇనొస్తుంది" అనేది. అనడమే గానీ ఆవిడా పైకొచ్చి కూర్చునేది. ముగ్గురం కలిసి కూర్చుంటే సాయంత్రం టీ రెండుసార్లు పెట్టాల్సి వచ్చేది.

నాన్నగారు రిటైరయ్యాక మా దగ్గరికి వచ్చారు. పొద్దున్నే పార్కుకి వెళ్ళేవారు. ఓ రోజు ఆయన గొడుగు మర్చిపోతే ఇవ్వడానికి వెళ్ళాను. చూద్దును కదా, ఓ ఇరవై మంది గుండ్రంగా నిలబడి చేతులు పైకెత్తి "హొ హొ, హ హ హ" అంటున్నారు. వాళ్ళ మధ్యలో, మీసం ఎడమ వైపు కూడా సరిగ్గా కదలని మా నాన్నగారు. చేతులు ఆకాశంలోకి, నోరు బార్లా! భరతుడు ఇచ్చిన ఉత్తముడి పట్టా అక్కడికక్కడే రద్దయిపోయింది. చెట్టు చాటున నిలబడి కొంగు నోట్లో కుక్కుకున్నాను. మా అమ్మ దగ్గర నేర్చుకున్న విద్య అలా పనికొచ్చింది.

ఈ లాఫింగ్ క్లబ్బులు మొదలుపెట్టింది డాక్టర్ మదన్ కటారియా, 1995లో ముంబైలో, ఐదుగురితో. మొదట్లో జోకులు చెప్పుకుని నవ్వేవారట. కొన్నాళ్ళకి జోకులు అయిపోయాయి. కొత్తగా వచ్చేవి బూతుల్లోకి, ఎదుటివాళ్ళని కించపరచడంలోకి దిగాయి. దాంతో జోకు లేకుండానే నవ్వుదాం అనుకున్నారు. ముందు దొంగనవ్వు మొదలెడితే పక్కవాడి మొహం చూసి అసలు నవ్వు అదే వస్తుందని వాళ్ళ అనుభవం. మామ్మ విని ఉంటే "దానికి క్లబ్బెందుకురా?" అనేది.

"ఏంటి నాన్నగారూ, మీరూ నవ్వుతున్నారు?" అన్నాను ఇంటికొచ్చాక.

"ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు నవ్వకుండా కూర్చున్నందుకు జీతమిచ్చారు. ఇక్కడ నవ్వితే టీ ఇస్తున్నారు. పోనీలే అని" అన్నారు. మీసం ఎడమ వైపు కదిలింది.

ఇప్పుడు మా కుటుంబమంతా ఓ వాట్సాప్ గ్రూపులో ఉంది. భిలాయి, హైదరాబాద్, అమలాపురం, డల్లాస్ అన్నీ అందులోనే. నవ్వంతా బొమ్మల్లోనే. పక్కకి తిప్పి చూస్తే నవ్వు మొహంలా కనిపించే మూడు గుర్తులు, అంటే రెండు చుక్కలు, ఓ గీత, ఓ బ్రాకెట్టు, పెట్టుకుందామని స్కాట్ ఫాల్మన్ అనే ప్రొఫెసర్ 1982లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో సలహా ఇచ్చాడు. కంప్యూటర్లో సరదాకి రాసింది నిజమనుకుని జనం గొడవపడుతున్నారని ఆయన బాధ. మావయ్య మార్కు వెటకారానికి అమెరికాలో అలాంటి గుర్తు కావాల్సొచ్చిందన్నమాట. 2015కి వచ్చేసరికి కళ్ళనీళ్ళు కారేలా నవ్వే బొమ్మని ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు వాళ్ళు ఆ ఏటి మాటగా ప్రకటించారు. అక్షరమే లేనిది మాటైపోయింది.

ఆ బొమ్మలంటే నాకు మంటగా ఉండేది. అందరిదీ ఒకటే మొహం, ఒకటే నవ్వు. అక్క పంపినా అదే, డల్లాస్ పిల్లాడు పంపినా అదే. మా అమ్మాయి మాత్రం నా గోల వినీ వినీ ఓ రోజు కూర్చోబెట్టి పాఠం చెప్పింది. ఒక్క 'హ' పెడితే ఒళ్ళు మండిందని అర్థమట. రెండు పెడితే మర్యాదకి. మూడు పెడితే పర్లేదు. అక్షరాలు అడ్డదిడ్డంగా, తప్పులతో పొడుగ్గా వస్తే అప్పుడు నిజంగా నవ్వుతున్నట్టట, చెయ్యి వణికి టైపు చెయ్యలేకపోతున్నట్టు. బొమ్మ ఒకటి పెడితే చదివానని మాత్రమే, వరసగా పెడితే నచ్చిందని. చివర్లో ఫుల్‌స్టాప్ పెడితే ఇక మాట్లాడొద్దనట. నేను నోరు తెరుచుకుని విన్నాను. స్టీలు గిన్నెలవాడి ముందు కూర్చున్న మామ్మే ఈ పిల్ల రూపంలో నాకు లెక్క చెబుతున్నట్టుంది.

ఈ లెక్కలేవీ మా పిన్నికి తెలీవు. కోడలు ఫోను కొనిచ్చి బొమ్మలు పెట్టడం నేర్పింది. అర్థాలు నేర్పలేదు.

మావయ్య పోయారు. పొద్దున్నే గ్రూపులో ఆ వార్త వచ్చింది. ఒకరి తర్వాత ఒకరు చేతులు జోడించిన బొమ్మలు, "ఓం శాంతి"లు పెడుతున్నారు. మధ్యలో పిన్ని, కళ్ళనీళ్ళు కారేలా నవ్వే బొమ్మ, ఒకటి కాదు, వరసగా ఆరు పెట్టింది. పాపం, కన్నీళ్ళు కనిపించాయి కదా, ఏడుపే అనుకుంది. పైన మావయ్య ఫొటో, కింద ఆరు మొహాలు పళ్ళు బయటపెట్టి నవ్వుతున్నాయి. గ్రూపు మూగబోయింది. ఎవరికీ ఏం రాయాలో తోచలేదు. నేను పిన్నికి ఫోన్ చేసి తీయించేలోపే ఊళ్ళో అందరూ చూసేశారు. విషయం తెలిసి పిన్ని బెంబేలెత్తిపోయింది. దినాలకి వెళ్ళినప్పుడు అత్తయ్య ముందు నిలబడి చేతులు పట్టుకుని, "వదినా, నాకు తెలీక..." అంటూ ఏడ్చేసింది.

అత్తయ్య ఆవిడ మొహంలోకి చూసింది. మావయ్య మాటలకి ఏనాడూ నవ్వని మనిషి. పెదవులు బిగబట్టింది, ఆగలేదు. గదిలో చుట్టాలంతా చూస్తుండగా నవ్వేసింది. "ఊరుకోవే. ఆయన పోయినందుకు అందరూ దండాలే పెట్టారు. ఆయనకి నచ్చే పని చేసింది నువ్వొక్కదానివే" అంది.

పిన్ని ఇప్పటికీ గ్రూపులో ఏదైనా పెట్టే ముందు నాకు ఫోన్ చేస్తుంది. "ఒసేయ్, పసుపుపచ్చ మొహం, కళ్ళ దగ్గర రెండు చుక్కలున్నాయి. ఇది నవ్వా, ఏడుపా, ముందు అది చెప్పు" అంటుంది.